శనివారం తోమిన గడియ

మా ఇంట్లో ఇత్తడి సామాను శనివారం తోమాలి. ఇది నా పుట్టింటి ఆచారం కాదు, అత్తింటి ఆచారమూ కాదు, మేముండే మిషన్ పేట ఆచారం. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారి భార్య ఎవరింట్లోకైనా తొంగిచూడవచ్చు. చెంబు నల్లగా కనబడితే ఆవిడ పల్లెత్తు మాట అనేవారు కాదు. అనకపోవడమే నాకు భయం. అందుకని శనివారం మధ్యాహ్నం బడి వదలగానే వచ్చి, చింతపండు నానబెట్టి, ఇటుకపొడి పక్కన పెట్టుకుని, ఇంట్లో పచ్చగా ఉన్న ప్రతి వస్తువు మీదా పడేదాన్ని. "అక్క చేతికి చిక్కితే గుమ్మడిపువ్వు కూడా తోమేస్తుంది" అని మా తమ్ముడు వెక్కిరించేవాడు. ఆ తోమే పిచ్చితో నేను ఒక పాడుపని చేశాను. దాన్ని ఇన్నేళ్లకు కాగితం మీద పెడుతున్నాను.

గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజులవి. నేను మిషన్ ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పేదాన్ని. మా వారిది రాజమండ్రి రైలు యార్డులో పని. వంతెనకి కావలసిన రాళ్లు, ఇనుప దూలాలు, సున్నం అన్నీ వ్యాగన్లలో వచ్చేవి. వాటిని విడదీయడం, మళ్లీ కలపడం ఆయన ఉద్యోగం. ఒక వ్యాగనుకు కొక్కెం ఉంటుంది, రెండోదానికి బరువైన ఇనుప గొలుసు. ఇంజను వెనక్కి నెట్టుకొస్తుంటే మనిషి రెండు పెట్టెల మధ్యా నిలబడి, అవి దగ్గరికి రాగానే గొలుసు ఎత్తి కొక్కేనికి తగిలించాలి. దీన్ని కప్లింగు అంటారు. రెండు పెట్టెల బఫర్లూ, అంటే కొసలనుండే ఇనుప దిమ్మలు, ఒకదానికొకటి గుద్దుకునేలోపు చెయ్యి తీసేసుకోవాలి. తీసుకున్నవాడు ఇంటికొచ్చి అన్నం తింటాడు.

ఒక వానాకాలం పొద్దున గొలుసు తడిసి జారింది. మా వారి కుడిచేతికి బొటనవేలు ఒక్కటే మిగిలింది.

ఆయన ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన వారమే నేను స్టేషన్ మాస్టరుగారి దగ్గరికి వెళ్లాను. ఖాళీ అయిన పని మా ఇంట్లోవాళ్లకే ఇప్పించమని అడిగాను.

"ఎవరున్నారమ్మా మీ ఇంట్లో?" అన్నారాయన.

"మా తమ్ముడున్నాడండి. ఇరవై రెండేళ్లు. మా దగ్గరే ఉంటాడు. చురుకైనవాడండి."

మా అమ్మ చనిపోతూ నా చేతిలో పెట్టి వెళ్లిన తమ్ముడు వాడు. వాణ్ణి ఆ రెండు పెట్టెల మధ్యలోకి పంపించమని నా నోటితో నేనే బతిమాలాను. దానికి ఇంకొకరిని అనడానికి లేదు. పని వాడికే ఇచ్చారు. ఆ రోజు నుంచి వాడు సాయంత్రం గుమ్మంలోకి రాగానే ముందు వాడి చేతులు చూసేదాన్ని, తరువాతే మొహం.

మా వారు మూడు నెలలు గోడకి చేరగిలబడి కూర్చున్నారు. ఒకరోజు ఉన్నట్టుండి, "మనిషి మధ్యలోకి పోకుండా పెట్టెలు వాటంతటవే కలిస్తే?" అన్నారు.

"కలిస్తే మంచిదే. ఎవరు కలుపుతారండీ?"

"అదే చెబుతున్నాను, ఎవరూ కలపక్కర్లేదు. నోటితో చెబితే దొరలు వినరు. చిన్న రైలు చేసి కళ్లకి చూపించాలి."

వంతెన పనికి వచ్చే వ్యాగన్లన్నీ ఒక ఇంజనీరు దొరగారి కింద ఉండేవి. ఆయన ఆదివారాలు మా చర్చికి వచ్చేవారు. ఆయనకి నచ్చితే రాళ్ల వ్యాగన్లకైనా పెట్టించి చూస్తారని మా వారి ఆశ. పెట్టిస్తే మా తమ్ముడు మధ్యలోకి దూరక్కర్లేదు. ఆ చిన్న రైలు మీద మా ముగ్గురి ఆశా ఉంది.

పొడవాటి చెక్కపలక మీద వెదురు బద్దలు పరిచి పట్టాలు వేశాం. ఒకచోట కావాలని వంపు తిప్పాం. టేకు ముక్కలతో ఆరు పెట్టెలు, ఒక ఇంజను. ఇంజనంటే ఆవిరి లేదు, తాడు కట్టి లాగేదే. ఇదంతా తేలిగ్గానే అయిపోయింది. కప్లింగు దగ్గర ఆగిపోయాం. ఆయనకి ఎడమచెయ్యి అలవాటు లేదు, కుడిచేతికి వేళ్లు లేవు. అందుకని ఆయన చెప్పేవారు, నేను ఆకురాయి పట్టుకుని ఇత్తడి అరగదీసేదాన్ని. బడిపంతులమ్మ గోళ్లల్లో ఇత్తడి రజను చూసి పిల్లలు నవ్వుకునేవారు.

మొదట యార్డులో ఉన్నట్టే గొలుసూ కొక్కెమూ చేశాం. అది ఒక్కసారి కూడా ఊడలేదు. కానీ తగిలించడానికి నా వేళ్లు పెట్టెల మధ్యకి పోవలసిందే. నేను తగిలిస్తుంటే ఆయన మొహం పక్కకి తిప్పుకునేవారు. రెండు రోజుల్లో దాన్ని తీసి అవతల పారేశాం.

తరువాత తీగతో ఒక ఉంగరం, దానికి ఎదురుగా వంకీ. తిన్నగా పోయినంతసేపూ బాగుండేది. వంపు రాగానే మూడో పెట్టె ఊడిపోయేది. వంకీని ఇంకాస్త వంచితే వంపులో ఊడలేదు గాని, వెనక్కి నెట్టేటప్పటికి రెండూ పొడుచుకుని పెట్టె పట్టాల మీంచి లేచిపోయింది.

"వంపులో పట్టు విడవకూడదు, నెడితే ఒదగాలి, బరువు లాగితే వదలకూడదు. మంచి మొగుడికి ఉండాల్సిన లక్షణాలన్నీ దీనికి కావాలంటున్నారు" అన్నాను. దెబ్బ తగిలాక ఆయన నవ్వడం అదే మొదలు.

బడిలో పిల్లలకి చూపించే సూదంటురాళ్లు రెండు అడిగి తెచ్చాను. దగ్గరికి రాగానే ఠక్కున అతుక్కున్నాయి. "ఇదే బావా, ఇదే" అన్నాడు తమ్ముడు. ఆయన పెట్టెలో నాలుగు దోసిళ్ల ఇసుక పోయించారు. ఇంజను ముందుకి వెళ్లింది, పెట్టె ఉన్నచోటే ఉంది. "ఖాళీ పెట్టెను ఎవడైనా లాగుతాడు" అన్నారు. పైగా ఒక పెట్టెను తిప్పి పెడితే రెండూ అత్తాకోడళ్లలా ఎడమొహం పెడమొహం. వాటిని మర్నాడే బడికి తిరిగిచ్చేశాను.

చివరికి దారి చూపించింది మిషన్ ప్రహరీకి ఉన్న ఇనుప గేటు. ఆ గేటు తోసి వదిలితే దాని గడియ స్తంభానికున్న గూటం మీదికి ఎక్కి, తన బరువుకి తనే అవతల పడుతుంది. ఇక లాగినా రాదు, గడియ ఎత్తితేనే వస్తుంది. మా వారు ఒక పొద్దంతా ఆ గేటు తీస్తూ వేస్తూ నిలబడ్డారు. పేటలో వాళ్లు ఆయనకి మతి చలించిందనుకుని నాకు కబురు చేశారు.

అలాంటి గడియే చిన్నది చేశాం. ఒక పెట్టెకు ఏటవాలు తల ఉన్న కొక్కెం. ఎదుటి పెట్టెకు ఒక చీల మీద వేలాడే ఇత్తడి గడియ. రెండూ తగలగానే కొక్కెం గడియను పైకెత్తుకుని లోపలికి దూరుతుంది, గడియ టక్కుమని దాని మెడ వెనక పడుతుంది. విడదీయాలంటే పక్కనుంచి దారం లాగి గడియ ఎత్తాలి. చెయ్యి మధ్యలోకి పోదు. చీలకి ఒక చుక్క ఆముదం వేస్తే గడియ ఇంకా తేలిగ్గా పడేది.

దాన్ని నమ్మడానికి ఆయనకి ఇంకో నెల పట్టింది. వంపులో, నెట్టి, లాగి, ఇసుక పోసి, ఇసుక తీసి, నూరుసార్లు వరుసగా పడాలన్నారు. ఒకసారి తప్పితే మళ్లీ ఒకటి నుంచి లెక్క. "తొంభైతొమ్మిదిసార్లు పడిందని సంబరపడకు. పడని ఆ ఒక్కసారికి మీ తమ్ముడే మధ్యలోకి దూరాలి" అనేవారు. ఒక శుక్రవారం సాయంత్రం నూరూ పూర్తయ్యాయి. తమ్ముడు గడియ పడిన ప్రతిసారీ పైకి లెక్కపెట్టాడు. నూరు అనగానే నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

ఆ రాత్రే పాస్టరుగారు దొరగారితో మాట్లాడారు. సోమవారం పొద్దున మిషన్ బంగళా వరండాలో చూపించమన్నారు.

మధ్యలో శనివారం వచ్చింది. మా వారు వరండా కొలుచుకోవడానికి బంగళాకి వెళ్లారు. నేను బడి నుంచి వచ్చి చెంబులు, పళ్లెం, దీపం సెమ్మె తోముకుని, ఇంకా ఏమైనా ఉన్నాయా అని చుట్టూ చూశాను. మూలన రైలు కనబడింది. ఏడు గడియలూ ఆముదం పట్టి నల్లగా, జిడ్డోడుతూ ఉన్నాయి. దొరగారి ముందు, పాస్టరుగారి భార్య ముందు ఇవా పెట్టేది అనిపించింది. ఒక్కొక్కటే చింతపండు గుజ్జు పట్టించి, పీచుతో రుద్ది, నీళ్లతో కడిగి ఎండలో పెట్టాను. మళ్లీ ఆముదం వేస్తే మెరుగు పోతుందని, సోమవారం పొద్దున వేద్దాంలే అనుకున్నాను.

మా వారు వచ్చి చూసి, "అద్దాల్లా ఉన్నాయే" అని మురిసిపోయారు. అవి ఎలా మెరిశాయని అడగలేదు. ఇత్తడి తనంతట తానే మెరుస్తుందని మగవాళ్ల నమ్మకం.

ఆదివారం మా పేటలో ఎవరూ పనిముట్టు ముట్టరు. రైలు మీద దుప్పటి కప్పి ఉంచాం.

సోమవారం పొద్దున్నే బంగళా నుంచి కబురు. దొరగారు అప్పుడే వచ్చేశారు, పడవ మీద కొవ్వూరు వెళ్లే తొందరలో ఉన్నారు, వెంటనే రమ్మన్నారు. పలక మేమిద్దరం, పెట్టెలు తమ్ముడు పట్టుకుని పరుగెత్తాం. ఆముదం సంగతి నాకు గుర్తే లేదు.

మా వారు కుడిచెయ్యి కోటు జేబులో పెట్టుకుని, రాత్రీపగలూ వల్లెవేసిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ తప్పులేకుండా అప్పజెప్పారు. దొరగారు కుర్చీ ముందుకి జరుపుకున్నారు. ఇంజను వెనక్కి జరిగి పెట్టెను తాకింది. కొక్కెం గడియను పైకెత్తింది. గడియ ఎత్తినట్టే ఉండిపోయింది. ఇంజను ముందుకి లాగితే పెట్టె కదల్లేదు.

మా వారు మళ్లీ చేశారు. మళ్లీ అంతే. రెండో పెట్టెతో చేశారు, మూడోదానితో చేశారు. మూడూ అంతే. ఆయన మెడ మీద చెమట కాలరులోకి కారుతోంది. చివరికి ఎడమచేతి వేలితో గడియను నొక్కారు. అప్పుడు పడింది.

దొరగారు పాస్టరుగారి వైపు తిరిగి ఏదో అన్నారు. పాస్టరుగారు నెమ్మదిగా తెలుగులో చెప్పారు. "అయితే మనిషి చెయ్యి పెట్టాల్సిందే కదా అంటున్నారు బాబూ."

నేను స్తంభం పక్కన నిలబడి ఉన్నాను. అక్కడినుంచి ఇంజను గడియ నాకు స్పష్టంగా కనబడుతోంది. చీల చుట్టూ గోధుమరంగు చింతపండు పిప్పి ఎండి గట్టిపడి ఉంది. దాని అంచున ఆకుపచ్చగా చిలుము. మా ఇంట్లో మూతల బందులు ఇలాగే బిగుసుకుపోవడం ఎన్నిసార్లు చూడలేదు. ఒక్క గ్లాసుడు వేడినీళ్లు, ఒక్క చుక్క ఆముదం చాలు. ఆ మాట గొంతుదాకా వచ్చింది. కానీ ఎదురుగా దొరగారు, పాస్టరుగారు, ఆయన భార్య, మెట్ల మీద తమ్ముడు. "నేనే చింతపండు పెట్టి తోమానండి" అని అంతమందిలో ఎలా అనడం? పిల్లలకి రోజంతా పాఠాలు చెప్పే నోరు నాది. ఆ పొద్దున అది పెగల్లేదు.

దొరగారు మంచివారే. లేచి మా వారి భుజం తట్టారు. బొమ్మ చాలా ముచ్చటగా ఉందని, తన చిన్నపాపకి ఇస్తారా అని అడిగారు. మా వారు, "అలాగేనండి, తీసుకెళ్లండి" అన్నారు. బంట్రోతు రైలంతా పలకతో సహా ఎత్తుకుపోయాడు. నేను తోమిన ఏడు గడియలూ వాటి పిప్పితో సహా వెళ్లిపోయాయి.

తమ్ముడు మెట్లు దిగి, "డ్యూటీకి వేళైంది బావా" అని యార్డు వైపు నడిచాడు.

ఆ సాయంత్రం చెబుదామనుకున్నాను. ఆయన పడుకుని ఉన్నారు. మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాడు ఆయనే మొదలుపెట్టారు. "గడియ బరువు చాల్లేదు. అదే తప్పు." కొత్త ఇత్తడి తెచ్చి బరువైన గడియ చేయించారు. నేనే ఆకురాయి పట్టాను. అది పడింది. "ఇంట్లో ఎప్పుడూ పడుతుంది. అక్కడ ఎందుకు పడలేదు?" అన్నారు. చీల బెజ్జం వంకర కాబోలనుకుని ఇంకోటి చేయించారు. కొక్కెం తల వాలు మార్చి ఇంకోటి. అన్నీ నూరుసార్లు పడేవి. ఆయన మాత్రం ఒక్కదాన్నీ నమ్మలేదు. కారణం తెలియకుండా ఒకసారి మోసం చేసినదాన్ని ఎలా నమ్మేది అనేవారు. లేని తప్పు కోసం ఆయన వెతుకుతుంటే, తప్పు నాదని తెలిసిన నేను పక్కన కూర్చుని ఇత్తడి అరగదీస్తూ ఉండేదాన్ని. అంతకంటే నీచమైన పని నా జన్మలో చేయలేదు.

దొరగారు ఇంకో ఏడాదిన్నర రాజమండ్రిలోనే ఉన్నారు. ఆదివారం ఆదివారం మా ముందు వరుసలోనే కూర్చునేవారు. చెప్పి ఉంటే మా వారు మళ్లీ ఒకసారి చూపించేవారు. ప్రతివారం ఈ ఆదివారం చెప్పేద్దాం అనుకుంటూ వెళ్లి, ఆమెన్ అని తిరిగొచ్చేదాన్ని. రోజులు గడిచినకొద్దీ తోమానన్న తప్పు చిన్నదైపోయింది, చెప్పలేదన్న తప్పు పెద్దదైపోయింది. ఇక అది నోట పట్టలేదు. వంతెన పూర్తయింది. ఊరంతా గట్టు మీద నిలబడి మొదటి రైలు గోదావరి దాటడం చూసింది. ఆ తరువాత దొరగారు ఓడెక్కి సీమకి వెళ్లిపోయారు. వచ్చిన కొత్తాయన చర్చికే రాడు.

బంగళాలో చూపించి ఏడేళ్లయింది. ఒక శనివారం నేను పెరట్లో సామాను ముందేసుకుని ఉంటే మా వారు ఒక పెట్టె తెచ్చి నా పక్కన పెట్టారు. ఇన్నేళ్లలో చేసిన గడియలన్నీ అందులో ఉన్నాయి.

"ఇవి కంచరివాడికి ఇచ్చి చెంబు చేయించుకో. తోముకుందువుగాని" అన్నారు. "నాది మొదటినుంచీ తప్పుడు ఆలోచనే. నీ చేత అన్నేళ్లు చాకిరీ చేయించాను."

నా చేతినిండా చింతపండు గుజ్జు. ఆ చేతులు అలా చాపి చూపించి, ఏడుస్తూ మొత్తం చెప్పేశాను. ఆయన పక్కనే గట్టు మీద కూర్చుని విన్నారు.

"చీల దగ్గరా?" అన్నారు.

"చీల దగ్గరేనండి."

"ఏడింటికీనా?"

"ఏడింటికీ."

తిడతారని చూశాను. కొట్టినా పడదామనుకున్నాను. ఆయన పెట్టెలో వెతికి, బంగళాలో చూపించినదానిలాంటి గడియ ఒకటి తీసి నా చేతిలో పెట్టారు. "దీన్ని ఆ రోజు తోమినట్టే తోము" అన్నారు.

తోమాను. ఎండలో పెట్టాను. ఆదివారం ముట్టుకోలేదు. సోమవారం పొద్దున ఆయన రెండు చెక్కముక్కలకి బిగించి తాకించారు. గడియ పైకి లేచి అలాగే నిలిచిపోయింది. వేడినీళ్లు పోయించి, ఆముదం వేయించి మళ్లీ తాకించారు. టక్కున పడింది. ఆయన మొహం చూసి నాకు భయం వేసింది, అంత సంతోషం.

"అయితే అది సరైనదే" అన్నారు. "నేను ఎంచిన గడియ సరైనదే."

ఆ ఒక్కమాట కోసం ఆయన ఏడేళ్లు వెతికారు. అది నా దగ్గరే ఉంది. నేను ఆయన కోపానికి భయపడి దాచింది కోపం తెప్పించే మాట కాదు, ఆయన సంతోషం. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

తమ్ముణ్ణి పిలిచి చూపించారు. వాడప్పుడే చద్దన్నం తిని లేచాడు. వాడికి పెళ్లయి, అదే పేటలో వేరే ఇంట్లో ఉంటున్నా, పొద్దుటి అన్నం మాత్రం నా దగ్గరే. గడియ పడటం రెండుమూడుసార్లు చూసి, నా వంక ఒకసారి చూసి, "బాగుంది బావా" అన్నాడు. కాసేపాగి, "ఇప్పుడెవరికి చూపిద్దాం?" అన్నాడు.

"దొరగారి పాప ఎప్పుడైనా రైలుని వానలో వదిలేసి ఉంటే, పిప్పి నాని, ఈపాటికి అక్కడ చక్కగా పడుతూ ఉంటుంది" అన్నారు మా వారు, ఎవరితోనూ కాకుండా.

యార్డులో ఇంజను కూత వేసింది. తమ్ముడు తువ్వాలు తలకి చుట్టుకుని, ఆ గొలుసుల మధ్యకే వెళ్లాడు. నేను గుమ్మంలో నిలబడి, మలుపు తిరిగేదాకా వాడి చేతులే చూశాను. వెనక వసారాలో గడియ పడుతూనే ఉంది. మా వారు పైకి లెక్కపెడుతున్నారు. ఒక్కసారి కూడా తప్పలేదు.